అవతలిల్లు

క్రితం వారం మనం గుమ్మం దగ్గర ఆగాం. లోపల ముగ్గురు ఆడవాళ్ళు, బయట బెల్లు. తలుపు తీసే ముందు, కొత్తగా వచ్చి మన మధ్య కూర్చున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పుకోవాలి. పాతవాళ్ళు కాస్త ఓపిక పట్టండి.

మన కొలతలమ్మాయి పని వంటిళ్ళు గీయడం. ఎవరైనా కొత్త ఫ్లాటు కొనుక్కుంటే టేపు పట్టుకుని వెళ్ళి, స్టవ్ ఎక్కడ, సింకు ఎక్కడ, అరలు ఎంత ఎత్తులో అని కొలిచి, కంప్యూటర్లో బొమ్మ గీసిస్తుంది. మంచి పనే. పనితో ఆమెకి పేచీ లేదు. పేచీ అంతా ఆ కంపెనీ భాషతో. అక్కడ యజమానిని ఎవరూ సార్ అనరు, బాబాయ్ అంటారు. ఆఫీసుని ఆఫీసు అనరు, ఇల్లు అంటారు. పొరపాటున ఎవరైనా ఆఫీసు అన్నారా, ఆ పూట అందరికీ టీలు వాళ్ళే ఇప్పించాలి. మరి రాత్రికి పోయి పడుకునే కొంపనేమంటారంటారా? దాని పేరు అవతలిల్లు. "బాబాయ్, ఇవాళ కాస్త పెందరాళే అవతలింటికి వెళ్ళనా?" అని అడగాలి. నవ్వొస్తోందా? మూడేళ్ళు రోజూ అంటే మీకూ అలవాటైపోతుంది. ఆమెకీ అయిపోయింది.

ఆ అలవాటే కొంప ముంచింది. నెల కిందట ఒకరోజు, మధ్యాహ్నానికల్లా వచ్చి నాన్నమ్మ దగ్గర ఉంటానని తల్లికి మాటిచ్చింది. తల్లి పెద్ద హోటల్లో లాండ్రీ సూపర్‌వైజరు. షిఫ్టులోకి వెళ్ళే ముందు ఫోను లాకర్లో పెట్టేయాలి. పెట్టే ముందు ఒకసారి ఫోన్ చేసి, "ఇంట్లోనే ఉన్నావుగా?" అని అడిగింది. కొలతలమ్మాయికి ఒక చెవిలో కస్టమరు, ఇంకో చెవిలో అమ్మ. ఆలోచించకుండా, "ఆఁ, ఇంట్లోనే ఉన్నానమ్మా" అనేసింది. ఉన్నది ఆఫీసులో. తల్లి నిశ్చింతగా లాకరు మూసేసింది. అవతలింట్లో... ఛీ, నాకూ అంటుకుంది, ఇంట్లో ఒంటరిగా ఉన్న నాన్నమ్మ పై అరలో బిస్కెట్ల డబ్బా కోసం స్టూలెక్కి కిందపడింది. మణికట్టు విరిగింది. తల్లి షిఫ్టు దిగి వచ్చేదాకా వంటింటి నేల మీదే ఉంది.

తల్లి దృష్టిలో అది పచ్చి అబద్ధం. ఆ రోజు నుంచి కూతురితో "అన్నం ఉంది", "గొళ్ళెం వెయ్యి" లాంటివి తప్ప మాటల్లేవు. కూతురు మర్నాడే రాజీనామా పంపింది, ఇంకో చోట పని చూసుకుంది. నోటీసు నెల నిన్నటితో అయిపోయింది. రేపు కొత్త చోట చేరాలి. పాత చోటు నుంచి "వదిలేశాం" అనే మాట ఒకటి అక్కడికి వెళ్తేనే వాళ్ళు చేర్చుకుంటారు. ఆ మాట పంపడం మానేసి బాబాయ్ స్వయంగా వచ్చి బెల్లు కొట్టాడు.

సరే, తీద్దాం తలుపు.

ముందు ఆపిల్ పళ్ళ సంచీ లోపలికొచ్చింది. దాని వెనకాల బాబాయ్. నున్నగా గీసుకున్న గడ్డం, నలగని చొక్కా, మొహం నిండా నవ్వు. పిలవని పేరంటానికి వచ్చినవాడిలా లేడు, సొంత చెల్లెలి ఇంటికొచ్చినట్టే ఉన్నాడు.

"ఏరా తల్లీ, అలక తీరిందా?" అంటూ కొలతలమ్మాయి తల మీద చెయ్యి వేయబోయాడు. ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది. ఆ చెయ్యి గాల్లో కాసేపు ఉండి, పళ్ళ సంచీని బల్ల మీద పెట్టే పనిలో పడిపోయింది.

ఆ ముందుగది చిన్నది. ఒక మంచం, దాని మీద కట్టుతో నాన్నమ్మ. గోడవార ఇస్త్రీ బల్ల. కిటికీ దగ్గర ఒక చేతుల కుర్చీ. ఆ కుర్చీలో కొలతలమ్మాయి నాన్న కూర్చునేవాడు. ఆయన పోయాక అందులో ఎవరూ కూర్చోరు. కూర్చోవద్దని ఎవరూ అనలేదు, కూర్చోరంతే. బాబాయ్ నేరుగా వెళ్ళి అందులో కూర్చున్నాడు.

"అమ్మా, చెయ్యెలా ఉంది?" అని నాన్నమ్మని పలకరించాడు.

"కనిపిస్తోందిగా నాయనా. గోడకి కొట్టినట్టు ఇంత సున్నం కొట్టి వదిలారు" అంది నాన్నమ్మ.

తల్లికి ఇవాళ సెలవు. ఇస్త్రీ పెట్టె ఆపి, చేతులు కట్టుకుని గోడకి ఆనుకుంది. ఈ మనిషంటే ఆమెకి గౌరవం ఉంది, అది మనం దాచకూడదు. భర్త ఆఖరి రాత్రి ఆసుపత్రి వరండాలో వాళ్ళతో పాటు తెల్లారేదాకా కూర్చున్నది ఈయనే. సొంత చుట్టాలు కూడా అర్ధరాత్రికి సర్దుకుని వెళ్ళిపోయారు. ఆ రాత్రి నుంచే కూతురు ఆయన్ని నోరారా బాబాయ్ అనడం మొదలుపెట్టింది. అంతకు ముందు మాట వరసకి అనేది.

"వదినా, ఇంట్లో అన్నాక మాటామాటా వస్తుంది" అని మొదలుపెట్టాడు బాబాయ్. "పిల్ల అలిగింది. అలగడం దాని హక్కు. బుజ్జగించడం నా వంతు. అందుకే వచ్చాను."

"నేను అలగలేదు. రాజీనామా చేశాను" అంది కొలతలమ్మాయి.

"చూశావా వదినా, ఆ మూతి! ఇంట్లోంచి ఎవరైనా రాజీనామా చేస్తారా? విడ్డూరం కాకపోతే!"

తల్లి కూతురి వైపు చూడలేదు. "దాని సంగతి మీకు తెలియందేముందండీ" అంది బాబాయ్‌తోనే. "దానికి ఇల్లంటే పట్టదు. ఆ రోజే చూశాం. ఇల్లు పట్టని మనిషి మీ దగ్గరుంటే ఏం, ఇంకో చోటుంటే ఏం?"

చెంప మీద కొట్టినా అంత మండదు. కొలతలమ్మాయి దగ్గర జవాబు ఉంది. నెలగా చెప్పాలనుకున్నదే, చెప్పలేకపోయిందే. "అమ్మా, మేం ఆఫీసుని ఇల్లంటాం, అందుకే అలా అనేశాను" అని చెబితే ఎవరు నమ్ముతారు? తనకే నమ్మబుద్ధి కాదు. మాట్లాడకుండా ఒక ఆదివారం డ్రిల్లు అద్దెకి తెచ్చి, వంటింట్లో అరలన్నీ పీకి నాన్నమ్మ భుజాల ఎత్తుకి దించి బిగించింది. ఊళ్ళో వాళ్ళందరికీ వంటిళ్ళు గీసిన పిల్ల తనింట్లో చేసిన మొదటి పని అది. తల్లి గుమ్మంలో నిలబడి చూసి, ఒక్క ముక్క అనకుండా వెళ్ళిపోయింది.

ఇప్పుడు ఆమెని వెనకేసుకొచ్చింది ఎవరనుకున్నారు? బాబాయే. పాపం, నిజంగానే నొచ్చుకున్నాడు.

"అంత మాటనకు వదినా! దానికి ఇల్లంటే ప్రాణం!"

"ప్రాణమా?"

"ఒట్టు. ఇల్లు వదిలి కదిలేది కాదు. జ్వరమొచ్చినా ఇంట్లోనే, పండగైనా ఇంట్లోనే. అంతెందుకు, అమ్మ పడ్డ రోజు కూడా పొద్దుట్నుంచీ ఇంట్లోనే ఉంది కదా! కావాలంటే అడుగు."

నాన్నమ్మ నోటి దాకా తీసుకెళ్ళిన బిస్కెట్టు అక్కడే ఆపేసింది.

తల్లి గోడ నుంచి వీపు తీసింది. "ఏ ఇంట్లో?"

"మనింట్లో."

"మనిల్లు ఇదండీ."

బాబాయ్ గట్టిగా నవ్వేశాడు. "ఓ, అదా! మా దగ్గర ఒక సరదా ఉంది వదినా. మాకు ఇల్లంటే అది. ఆఫీసు... అదిగో, అనేశాను, ఇవాళ టీలు నా మీదే! ఆ మాట మేం వాడం. ఇల్లనే అంటాం. పిల్లలకి ఎంత అలవాటైపోయిందంటే, నిద్రలో లేపి అడిగినా అలాగే అంటారు."

"మరి దీన్నేమంటారు?" తల్లి వేలు నేల వైపు చూపించింది.

"ఇది అవతలిల్లు."

గొప్పగానే చెప్పాడు. చెప్పి, మెచ్చుకుంటారేమోనని అందరి మొహాల్లోకీ చూశాడు.

తల్లి కూతురి వైపు తిరిగింది. నెల తరవాత, మొదటిసారి, కళ్ళల్లోకి చూసింది. "ఆ రోజు ఫోన్లో నేనేమడిగాను?"

"ఇంట్లోనే ఉన్నావుగా అని."

"నువ్వేమన్నావు?"

"ఇంట్లోనే ఉన్నానమ్మా అన్నాను." ఇక ఆగలేదు. "అబద్ధం చెప్పలేదమ్మా. నిజమే చెప్తున్నాననుకున్నాను. ఫోన్ పెట్టేశాక కూడా నాకు తెలీలేదు. హాయిగా సింకు గీసుకుంటూ కూర్చున్నాను. రాత్రి వచ్చి నాన్నమ్మని చూశాక తెలిసింది, నేను ఇంట్లో లేనని. మాట కూడా నాది కాకుండా పోయిందని భయమేసింది. అందుకే మానేశాను. అలిగి కాదు."

తల్లి మంచం మీద కూలబడింది. కళ్ళు నిండాయి, తుడుచుకోలేదు. కన్నకూతుర్ని నెలపాటు అబద్ధాలకోరని అనుకున్నందుకు ఆ తల్లికి ఎంత సిగ్గేసిందో, ఆ సిగ్గు కోపంగా మారడానికి ఎంతసేపు పట్టిందో నేను చెప్పనక్కర్లేదు. అసలు సేపే పట్టలేదు.

"లేవండి" అంది.

"ఏమిటొదినా?"

"ఆ కుర్చీలోంచి లేవండి. అది ఈ ఇంట్లో మనిషిది."

బాబాయ్ లేచాడు. లేచాడు గానీ ఏం జరిగిందో ఆయనకి ఇంకా అర్థం కాలేదు. తన నోటితో తానే పెట్టిన మంట ఎక్కడంటుకుందో వెతుక్కుంటున్నట్టు అటూ ఇటూ చూశాడు.

"కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం అంటారు" అంది నాన్నమ్మ, బిస్కెట్టు చివరికి నోట్లో వేసుకుంటూ. "నాది కాలు జారింది. అతుక్కుంటోంది. నీ సంగతి నువ్వు చూసుకో నాయనా."

అప్పుడు బాబాయ్ మొహంలో నవ్వు పోయింది. "ఇదా మీరిచ్చే మర్యాద? ఆసుపత్రిలో ఆ రాత్రి నేను లేకపోతే..."

"ఉన్నారు సార్" అంది కొలతలమ్మాయి.

సార్. ఆ మాటకి ఆయన మొహం చూడాలి! తిట్టినా అంత అదిరిపడడు.

"ఆ రాత్రి మీరున్నారు. మా నాన్న పోయిన రాత్రి మీరున్నారు, ఆ మాట ఎవరి ముందైనా చెప్తాను. దానికి దణ్ణం పెట్టమంటే ఇప్పుడే పెడతాను. కానీ మా నాన్న బతికున్న సాయంత్రాలు ఎక్కడున్నాను సార్ నేను? మీ దగ్గరే ఉన్నాను. బాబాయ్ అడిగితే కాదంటామా అని ఉన్నాను. సార్ అడిగుంటే ఏనాడో కాదనేదాన్ని. అందుకేగా మీరు సార్ అవలేదు!"

ఆ చివరి ముక్క ఆమె ముందుగా అనుకున్నది కాదు. నోట్లోంచి వచ్చాక తనే ఒక క్షణం ఆశ్చర్యపోయింది. మూడేళ్ళుగా తెలియని సంగతి, చెబుతూ ఉంటే తెలిసింది.

"ఓహో" అన్నాడు ఆయన. గొంతు మారింది. "సార్ అన్నావు కదా, అయితే సార్ లాగే మాట్లాడతాను. వదిలామని నేను చెప్పేదాకా నిన్నెవరూ తీసుకోరు. నేను చెప్పను. ఏం చేస్తావు?"

తను వదలడు, ఇంకొకరిని పట్టుకోనివ్వడు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అని ఊరికే అన్నారా!

"నోటీసు నెలంతా చేశాను. చెప్పాల్సింది మీరు. చెప్పకపోతే చెప్పించుకుంటాను."

"ఇంతకీ ఏ మహానుభావుడి దగ్గర చేరుతున్నావు?"

తల్లి చెప్పొద్దని కళ్ళతో సైగ చేసింది. పిల్ల చూడలేదు. చూసినా ఆగేది కాదేమో, రోషం మీదుంది. "వంతెన దాటాక, బడిపిల్లలకి బల్లలు చేసే కంపెనీ. ఆరింటికి లైట్లార్పేస్తారట. దాన్ని ఆఫీసనే అంటారట."

బాబాయ్ తల ఆడించాడు. ఎందుకాడించాడో అప్పుడు ఎవరికీ తట్టలేదు. చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుని, గుమ్మంలో ఆగి, ఎంతైనా అలవాటు కదా, "వెళ్ళొస్తానమ్మా" అన్నాడు.

"వెళ్ళు నాయనా" అంది నాన్నమ్మ.

చూడండి, మనలో ఎవరూ ఉత్తినే వెళ్తాననరు, వెళ్ళొస్తానంటారు. వెళ్ళి రండి అని సాగనంపడం మర్యాద. నాన్నమ్మ సగం మర్యాద చేసి ఊరుకుంది. అది ఆయనకి అర్థమైంది. తలుపు కాస్త గట్టిగానే పడింది.

"పళ్ళు మర్చిపోయాడు" అంది కొలతలమ్మాయి.

"ఉండనీ. పళ్ళేం పాపం చేశాయి?" అంది నాన్నమ్మ.

తల్లి ఇస్త్రీ బల్ల దగ్గరికి వెళ్ళింది, ఏదో చొక్కా పరిచింది, పెట్టె స్విచ్చి వేయకుండానే రుద్దడం మొదలుపెట్టింది. కూతురు వచ్చి పక్కన నిలబడింది.

"నాతో చెప్పొచ్చు కదే" అంది తల్లి చొక్కాతో.

"చెబితే నమ్మేదానివా?"

తల్లి నిజాయితీగా ఆలోచించింది. "నమ్మేదాన్ని కాదు."

ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది. నవ్వుతూ నవ్వుతూ తల్లికి ఏడుపొచ్చింది. కూతుర్ని దగ్గరికి లాక్కుని, "తప్పయిపోయిందే" అంది. "అరలు బాగా బిగించావు. ఆ రోజే అందామనుకున్నాను. నోరు రాలేదు."

ఈ భాగం ఇక్కడ ఆపేస్తే అందరం సుఖంగా నిద్రపోవచ్చు. కానీ గంట తిరక్కుండానే కొలతలమ్మాయి ఫోన్ మోగింది.

బల్లల కంపెనీ నుంచి. ఇంటర్వ్యూ రోజున మాట్లాడిన ఆవిడే, అదే మెత్తటి గొంతు. "రేపటి సంగతి తెలిసిందమ్మా. చాలా బాధేసింది. ఇంట్లోవాళ్ళు ఒప్పుకోనప్పుడు మేం మాత్రం ఏం చేస్తాం? మీ నోటితో ఒక్క మాట చెప్పేస్తే, ఆ కుర్చీ ఇంకొకరికి ఇచ్చేస్తాం."

"ఇంట్లో ఒప్పుకోలేదని ఎవరు చెప్పారండీ?"

"మీ బాబాయిగారు. పెద్దాయన ఎంత మర్యాదగా చెప్పారో! మా పిల్ల తొందరపడింది, క్షమించండి అన్నారు. సొంత బాబాయే వచ్చి చెప్పాక మేం ఇంకేం అడుగుతాం?"

మూడేళ్ళుగా కొలతలమ్మాయి పిలిచిన పిలుపే, ఆమె మెడకి తిరిగి చుట్టుకుంది. స్పీకరులో ఇదంతా విన్న నాన్నమ్మ బాగున్న చెయ్యి చాపింది. "ఆ ఫోనిటివ్వు."

ఇచ్చింది.

"ఏమ్మా, నేను దీని నాన్నమ్మని, దీని నాన్నని కన్నదాన్ని. నేను కన్నది ఒక్కణ్ణే. వాడికి ముందూ ఎవరూ లేరు, వెనకా ఎవరూ లేరు. వాడూ పోయాడు. మరి నాకు తెలీకుండా దీనికి బాబాయెలా పుట్టుకొచ్చాడో కాస్త కనుక్కుని చెప్తావా?"

అవతల ఆవిడ గొంతు తగ్గించింది. "అయితే... మా మేనేజరు గదిలో కూర్చుని టీ తాగుతున్నాయన ఎవరండీ?"

కొలతలమ్మాయి ఫోన్ అందుకుంది. "ఆయన మా పాత ఆఫీసు యజమానండీ. ఇంకో టీ ఇప్పించండి. ఆఫీసు అన్నాను కాబట్టి ఆ టీ ఖర్చు నాది. నేనొచ్చేదాకా ఆయన్ని కదలనివ్వకండి."

టేపు ఉన్న సంచీ భుజానికి తగిలించుకుంది. ఎందుకు తీసుకుందో తెలీదు, చెయ్యి దాని మీదికే పోయింది. తల్లి పళ్ళ సంచీ తెచ్చి రెండో చేతికిచ్చింది. "ఇవి కూడా ఆయన మొహాన పెట్టి రా."

"నువ్వు రావా?"

"నాన్నమ్మ ఒక్కతే ఉంటుంది కదే. నేను ఇంట్లోనే ఉంటాను." తల్లి ఆ మాటని ఒక్కొక్క అక్షరం నొక్కి పలికింది. "ఈ ఇంట్లో."

"వెళ్ళొస్తాను నాన్నమ్మా."

"వెళ్ళి రా తల్లీ." ఈసారి నాన్నమ్మ మర్యాద పూర్తిగా చేసింది. "ఇంట గెలిచావు. రచ్చ కూడా గెలిచి రా."

మొదటి మలుపు మెట్లు దిగుతుండగానే ఫోన్ మళ్ళీ మోగింది. ఈసారి ఆయనే.

"ఏరా తల్లీ, బయల్దేరావా?" బాబాయ్ గొంతులో నవ్వు తిరిగొచ్చింది. "కంగారేం లేదు, నిదానంగా రా. నేను ఇంట్లోనే ఉన్నాను."

ఆమె కాలు మెట్టు మీద ఆగింది. "ఏ ఇంట్లో సార్?"

"అదే, ఆరింటికి లైట్లార్పేసే ఇంట్లో" అన్నాడాయన. "నీకెవరూ చెప్పలేదా? కొనుగోలు బేరం ఎప్పుడో కుదిరింది. వచ్చే నెల నుంచి ఇదీ మనిల్లే."

ఫోన్ ఆగిపోయింది. పైన తలుపు ఇంకా తెరిచే ఉంది. గుమ్మంలో తల్లి నిలబడే ఉంది. కొలతలమ్మాయి ఒకసారి పైకి చూసింది. తరవాత ఫోన్ సంచీలో పడేసి, రెండేసి మెట్లు దిగుతూ కిందికే వెళ్ళింది.